తీరని ఆకలి
ఉత్తేజం కలిగించే మత్తుమందులు మెదడులో ఏం చేస్తాయి?

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మా కోసం ఆగింది. అందరూ వెళ్ళిపోయేదాకా చాపలు మడుస్తూ, బెంచీలు సర్దుతూ ఉండి, చివరకు నోరు విప్పింది. కొడుకు పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పరీక్షల ముందు రాత్రులు మేలుకోవడానికి ఎవరో స్నేహితుడు ఒక మాత్ర ఇచ్చాడట. రెండు రాత్రులు నిద్ర లేకుండా చదివాడు. తరువాత పరీక్షలు లేకపోయినా ఆ మాత్ర కావలసి వచ్చింది. ఆ తరువాత మాత్ర చాలక పొడి దాకా వెళ్ళాడు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ తల్లి కాళ్ళు పట్టుకొని ఏడుస్తాడు, ఇక ముట్టనంటాడు. వారం తిరగకముందే మళ్ళీ మొదలు.

"అయ్యగారూ, వాడికి బుద్ధి లేకనా, లేక ఇది రోగమా? వాళ్ళ నాన్న కొట్టి చూశాడు. నేను బతిమాలి చూశాను. మేమేం చెయ్యాలి?" అని ఆ తల్లి అడిగింది.

ఆ రోజు ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాము. ధైర్యం చెప్పి, ప్రార్థన చేసి పంపించాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. వైద్యులను అడిగి, పుస్తకాలు చదివి, మాకు అర్థమైనంత వరకు ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాము. ఇది ఏదో దూరపు పట్నాల సంగతి అనుకోకండి. భారత ప్రభుత్వం కోసం ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ చేసిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. 10 నుండి 75 సంవత్సరాల వయసు వారిలో 0.18 శాతం మంది, అంటే వెయ్యిమందిలో సుమారు ఇద్దరు, యాంఫెటమిన్ జాతి మందులు వాడుతున్నట్టు అది లెక్కించింది. సారాతో పోల్చితే ఇది చిన్న సంఖ్యే. కాని ఆ ఇద్దరిలో ఒకరు మన ఇంటివారైతే అది చిన్న సంఖ్య కాదు.

సర్పగంధ చెప్పిన రహస్యం

మన దేశంలో తరతరాలుగా వాడుతున్న సర్పగంధ వేరు గురించి పెద్దలకు తెలిసే ఉంటుంది. ఆ వేరులోని రెసర్పిన్ అనే పదార్థాన్ని శాస్త్రజ్ఞులు 1952లో వేరుచేశారు. రక్తపు పోటుకు, మతి చలించిన వారికి దానిని మందుగా ఇచ్చేవారు.

స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఈ రెసర్పిన్‌ను కుందేళ్ళకు ఇచ్చి చూశాడు. గంతులు వేసే కుందేళ్ళు చెవులు వాల్చి, కదలకుండా పడిపోయాయి. వాటికి ప్రాణం ఉంది, కండరాలు ఉన్నాయి, కాని కదలాలనే చొరవ లేదు. అప్పుడాయన వాటికి ఎల్‌డోపా అనే మరో పదార్థం ఇచ్చాడు. కొద్దిసేపటిలోనే ఆ కుందేళ్ళు లేచి తిరగసాగాయి. ఎల్‌డోపా మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. రెసర్పిన్ ఖాళీ చేసిన నిల్వను అది మళ్ళీ నింపింది.

డోపమైన్ మెదడులో స్వంతంగా పనిచేసే ఒక వార్తాహరుడని అప్పటికి ఎవరూ గుర్తించలేదు. మరో పదార్థం తయారయ్యే దారిలో అది ఒక మజిలీ మాత్రమే అనుకునేవారు. కార్ల్‌సన్ పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. చేతులు వణికి, ఒళ్ళు బిగుసుకుపోయే పార్కిన్సన్ జబ్బుకు మందు దొరికింది కూడా ఈ దారిలోనే. ఆయనకు 2000 సంవత్సరంలో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటిలో డోపమైన్ తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. ఊరంతటికీ నీళ్ళిచ్చే ఒక్క చెరువులాగా ఆ కొద్ది కణాలే మెదడులోని విశాల భాగాలకు డోపమైన్‌ను పంపుతాయి. లేచి నడవడం, ఒక పని మీద మనసు నిలపడం, మంచి ఫలితం వచ్చిన పనిని మళ్ళీ చేయాలనిపించడం, ఇవన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి.

సందులో జరిగే పని

ఒక నాడీకణం మరొక కణాన్ని తాకదు. రెండింటి మధ్య కంటికి కనిపించని సన్నని సందు ఉంటుంది. మొదటి కణం లోపల చిన్న చిన్న సంచుల్లో డోపమైన్ నిల్వ ఉంటుంది. కబురు పంపవలసి వచ్చినప్పుడు ఆ సంచులు విప్పుకొని డోపమైన్‌ను సందులోకి వదులుతాయి. అవతలి కణం మీద దానిని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. తాళంలో తాళపుచెవి ఇమిడినట్టు డోపమైన్ వాటిలో ఇముడుతుంది. కబురు అందింది.

అందిన తరువాత ఆ డోపమైన్ సందులోనే ఉండిపోకూడదు. ఉంటే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకని మొదటి కణం గోడలో ఒక రవాణా ప్రోటీన్‌ను సృష్టికర్త అమర్చాడు. అది సందులో మిగిలిన డోపమైన్‌ను తోడి మళ్ళీ లోపలికి తీసుకుపోతుంది. అది మళ్ళీ సంచుల్లోకి చేరి మరో కబురుకు సిద్ధమవుతుంది.

వ్యవసాయం చేసే మన పాఠకులకు ఇది సులభంగా అర్థమవుతుంది. తూము తెరిస్తే మడిలోకి నీరు వస్తుంది. నేల తాగవలసినంత తాగుతుంది. మిగిలిన నీటిని మోటారు తోడి మళ్ళీ తొట్టిలో పోస్తుంది. తూము, నేల, మోటారు మూడూ ఒక లెక్క ప్రకారం పనిచేస్తేనే పైరు బతుకుతుంది. నీరు తక్కువైతే ఎండుతుంది. నీరు నిలిచిపోతే కుళ్ళుతుంది.

మోటారుకు పట్టిన గతి

ఉత్తేజం కలిగించే మత్తుమందులు ఈ మోటారు దగ్గరే తమ పని మొదలుపెడతాయి. అయితే అన్నీ ఒకే విధంగా పనిచేయవు.

దక్షిణ అమెరికాలోని కోకా ఆకు నుండి తీసే కొకైన్ రవాణా ప్రోటీన్ నోటికి అడ్డం పడుతుంది. మోటారు పైపులో గుడ్డలు కుక్కినట్టు అవుతుంది. వచ్చిన డోపమైన్ వెనక్కు పోలేక సందులో నిలిచిపోతుంది. అయితే కొకైన్ శరీరంలో ఎక్కువసేపు ఉండదు. సుమారు ఒక గంటలో రక్తంలోని దాని మోతాదు సగానికి పడిపోతుంది. అందుకే వాడినవాడు మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటాడు.

యాంఫెటమిన్, మెథాంఫెటమిన్ ఇంకా లోతుకు పోతాయి. ఇవి చూడడానికి డోపమైన్‌ను పోలి ఉంటాయి గనుక రవాణా ప్రోటీన్ వీటిని తనవే అనుకొని లోపలికి తీసుకుపోతుంది. గొర్రె తోలు కప్పుకున్న తోడేలు దొడ్డిలో దూరినట్టే. లోపలికి చేరాక సంచుల్లోని డోపమైన్‌ను బయటకు కార్పిస్తాయి. ఆ తరువాత మోటారునే తలక్రిందులు చేస్తాయి. సందులోని డోపమైన్‌ను లోపలికి తోడవలసిన ప్రోటీన్, లోపలి డోపమైన్‌ను సందులోకి కుమ్మరించడం మొదలుపెడుతుంది. కబురు పంపవలసిన అవసరం లేకపోయినా, తూము ఎవరూ తెరవకపోయినా, మడి మునిగిపోతుంది. మెథాంఫెటమిన్ మోతాదు సగానికి తగ్గడానికే 10 నుండి 12 గంటలు పడుతుంది. ఆ విద్యార్థి రెండు రాత్రులు నిద్రపోకుండా ఎలా ఉన్నాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎంత మునుగుతుందో ఎలుకల మీద కొలిచి చూశారు. ఆకలిగొన్న ఎలుకకు తిండి పెట్టినప్పుడు మెదడులోని ఒక ముఖ్య భాగంలో డోపమైన్ మామూలుకు ఒకటిన్నర రెట్లు అవుతుంది. యాంఫెటమిన్ ఇచ్చినప్పుడు అది పది రెట్ల దాకా పెరిగింది. వేడి అన్నం, బిడ్డ నవ్వు, పంట ఇంటికి చేరిన సంతోషం, వీటి కొలతకు తగినట్టు మలచబడిన మెదడు మీద ఒక్కసారిగా వరద వచ్చి పడుతుంది.

ఈ మందులు మరో వార్తాహరుడైన నారడ్రినలిన్‌ను కూడా పెంచుతాయి. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపు పోటు పెరుగుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది. పాతికేళ్ళ యువకుడికి గుండెపోటు గాని పక్షవాతం గాని రావడం ఈ మందుల వల్ల జరుగుతుంది.

ఒక దేశం నేర్చుకున్న పాఠం

మెథాంఫెటమిన్ కొత్తగా పుట్టిన మందు కాదు. జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగయోషి 1893లోనే దానిని తయారుచేశాడు. దాదాపు యాభై సంవత్సరాల తరువాత రెండవ ప్రపంచ యుద్ధం దానికి గిరాకీ తెచ్చింది. జర్మనీలో 1938 నుండి పెర్విటిన్ అనే పేరుతో మాత్రలు అమ్మారు. 1940లో ఫ్రాన్సు మీదికి పోయిన జర్మన్ సైనికులకు ఆ మాత్రలు విరివిగా పంచారు. జపాన్‌లో 1941 నుండి అదే పదార్థం ఫిలోపాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. సైనికులకు, రాత్రి పాళీలో పనిచేసే కార్మికులకు అలసట తెలియకుండా ఉండడానికి ఇచ్చారు.

1945లో యుద్ధం ముగిసింది. మిగిలిపోయిన నిల్వలు జనంలోకి వచ్చాయి. ఇళ్ళు కాలిపోయి, కొలువులు పోయి, కడుపు నిండని ప్రజలకు అలసట, ఆకలి తెలియనీయని మాత్ర చౌకగా దొరికింది. మొదట మాత్రలు, తరువాత సూదులు. చివరకు జపాన్ ప్రభుత్వం 1951లో ఉత్తేజక మందుల నియంత్రణ చట్టం చేయవలసి వచ్చింది. 1954 ఒక్క సంవత్సరంలోనే 55 వేల మందికి పైగా ఆ చట్టం కింద అరెస్టయ్యారు. శిక్షలు కఠినం చేసి, వాడినవారికి వైద్యం ఏర్పాటు చేశాక కొద్ది సంవత్సరాల్లో ఆ సంఖ్య బాగా తగ్గింది.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. ఆ సైనికులు, ఆ కార్మికులు చెడ్డవారు గనుక మందుకు బానిసలు కాలేదు. ఎక్కువ పని చేయాలని, ఇంకొంచెంసేపు మేలుకోవాలని వేసుకున్నారు. హాస్టల్లో ఆ విద్యార్థి మొదటి మాత్ర వేసుకున్న కారణం కూడా అదే.

కోరిక వేరు, సంతోషం వేరు

డోపమైన్ అంటే సంతోషాన్నిచ్చే రసం అని చాలామంది రాస్తున్నారు. అది పూర్తి నిజం కాదు. ఈ తేడా తెలియకపోతే మత్తుకు బానిసైన బిడ్డను మనం ఎప్పటికీ అర్థం చేసుకోలేము.

వోల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమైన్ కణాలను గమనించాడు. కోతికి అనుకోకుండా ఒక చుక్క పళ్ళరసం దొరికినప్పుడు ఆ కణాలు ఉలిక్కిపడినట్టు స్పందించాయి. తరువాత రసం ఇచ్చే ముందు ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు కోతికి ఆ సంబంధం తెలిసిపోయింది. అప్పటి నుండి ఆ కణాలు రసానికి గాక దీపానికే స్పందించసాగాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన ఆ క్షణంలో వాటి పని మామూలు కంటే పడిపోయింది. అంటే డోపమైన్ చెప్పే కబురు "బాగుంది" అని కాదు. "అనుకున్నదానికంటే ఎక్కువ దొరికింది, దీన్ని గుర్తుంచుకో, మళ్ళీ వెతుకు" అని.

మామూలు ఆనందాలలో ఈ కబురు కొన్నాళ్ళకు సద్దుమణుగుతుంది. రోజూ తినే అన్నం మనల్ని ఆశ్చర్యపరచదు. మత్తుమందు మాత్రం కణాన్నే బలవంతం చేసి డోపమైన్‌ను కుమ్మరిస్తుంది గనుక, వేసుకున్న ప్రతిసారీ "అనుకున్నదానికంటే ఎక్కువ" అనే అబద్ధపు కబురే మెదడుకు అందుతుంది. ఆ మందు ఇచ్చిన స్నేహితుడి ముఖం, ఆ గది, ఆ వీధి మలుపు, చేతిలో పడిన నోట్లు, ఫోనులో ఒక పేరు, ఇవన్నీ ఆ కోతికి దీపంలాంటివి అవుతాయి. ఆరు నెలలు ముట్టని యువకుడు కూడా ఆ వీధిలోకి వెళ్ళగానే చెమటలు పట్టి నిలబడిపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో కెంట్ బెరిడ్జ్ అనే పరిశోధకుడు ఇంకొక ముఖ్యమైన సంగతి చూపించాడు. మెదడులో దేనినైనా కావాలనుకోవడం వేరు, దానిని ఆనందించడం వేరు. డోపమైన్ ముఖ్యంగా కావాలనుకోవడానికి సంబంధించినది. మత్తుమందు వాడేకొద్దీ కోరిక పెరుగుతుంది, ఆనందం తగ్గుతుంది. "ఇప్పుడు దానిలో ఏ సుఖమూ లేదు, అయినా మానలేకపోతున్నాను" అని బిడ్డ చెప్పినప్పుడు తల్లిదండ్రులు అది నటన అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే.

మెదడు సర్దుకోబోయి నష్టపోతుంది

రోజూ మడి మునుగుతూ ఉంటే రైతు ఊరుకోడు, గట్టు పెంచుతాడు. మెదడు కూడా అంతే చేస్తుంది. వరదను తట్టుకోవడానికి డోపమైన్ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. కొకైన్, మెథాంఫెటమిన్ చాలాకాలం వాడినవారి మెదళ్ళను చిత్రాలు తీసి చూసిన నోరా వోల్కోవ్ మొదలైన పరిశోధకులు, డి2 అనే రకం గ్రాహకాలు వారిలో తక్కువగా ఉన్నట్టు కనుగొన్నారు. అలాంటివారిలో నుదుటి వెనుక భాగం కూడా మందగించి ఉంది. ఆలోచించి ఆగడానికి, రేపటి గురించి లెక్క వేయడానికి మనకు ఉన్న పగ్గం ఆ భాగమే. పాతికేళ్ళు దగ్గరపడే వరకు అది పూర్తిగా పక్వం కాదు గనుక యౌవనస్థులకు అపాయం మరీ ఎక్కువ.

దీని ఫలితం ఇంట్లో ఎలా కనిపిస్తుంది? మందు లేని రోజున బిడ్డకు ఏదీ రుచించదు. అమ్మ వండిన కూర, చెల్లెలి పెళ్ళి, క్రిస్మస్ పండుగ, అన్నీ చప్పగా ఉంటాయి. మందు వేసుకున్నా మొదటి రోజు కలిగినది మళ్ళీ కలగదు. మోతాదు పెంచుతాడు. కోరిక ఒకవైపు లాగుతుంది, పట్టుకోవలసిన పగ్గం మరోవైపు బలహీనపడింది.

నిద్ర లేకుండా రోజుల తరబడి వాడితే మతి చలించవచ్చు. ఎవరో తనను వెంటాడుతున్నారని, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని అంటాడు. లేని స్వరాలు వింటాడు. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని గీరుకుంటాడు. మన సంఘాలలో ఇలాంటివారిని చూసి దయ్యం పట్టిందని చెప్పి, గొలుసులు వేసి కూర్చోబెట్టడం జరుగుతుంది. దయచేసి అలా చేయకండి. వారి కోసం తప్పక ప్రార్థించండి, అదే దినాన మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. మందు శరీరం నుండి వెళ్ళిపోయి, తగిన వైద్యం అందితే చాలామందిలో ఈ స్థితి కొద్ది దినాల నుండి కొద్ది వారాలలో తగ్గుతుంది.

వైద్యులు ఇచ్చే మాత్ర సంగతి ఏమిటి?

ఇది చదివి కొందరు తల్లిదండ్రులకు భయం కలగవచ్చు. ఒకచోట నిలువలేక, దేని మీదా శ్రద్ధ పెట్టలేక బాధపడే పిల్లలకు వైద్యులు మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర ఇస్తారు. అది కూడా కొకైన్ లాగా రవాణా ప్రోటీన్‌కు అడ్డుపడేదే. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ఇలాంటి పిల్లలకు యాంఫెటమిన్ రకం మందు ఇచ్చి, వారు బడిలో నెమ్మదిగా కూర్చొని చదవడం చూసి ఆశ్చర్యపోయాడు. అప్పటి నుండి ఈ వైద్యం సాగుతోంది.

మరి తేడా ఎక్కడ ఉంది? వేగంలో ఉంది. రక్తనాళంలోకి ఎక్కించిన కొకైన్ 4 నుండి 6 నిమిషాల్లో మెదడులో శిఖరానికి చేరుతుంది. నోటితో మింగిన మిథైల్‌ఫెనిడేట్‌కు గంటకు పైగా పడుతుంది. సన్నని వాన నేలలో ఇంకుతుంది, కుంభవృష్టి మట్టిని కోసుకుపోతుంది. వైద్యుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బరువు, నాడి చూస్తూ ఇస్తాడు. కాబట్టి వైద్యుడు రాసిన మందును భయపడి మీ అంతట మీరు ఆపవద్దు. అలాగే ఆ మాత్రను పొడి చేసి పీల్చినా, పరీక్షల కోసం మరొకరికి ఇచ్చినా అది వైద్యం కాదు, అదే ఉరి.

మన గడపలోనే ఉన్నది

కొకైన్ పేరు విని ఉలిక్కిపడే మనం, మన జేబులో ఉన్నదాన్ని చూసి ఉలిక్కిపడము. పొగాకులోని నికోటిన్ కూడా ఉత్తేజకమే. అది మోటారు జోలికి పోదు. డోపమైన్ కణాల మీద అసిటైల్‌కోలిన్ అనే వేరొక వార్తాహరుని కోసం ఉన్న గ్రాహకాలను తట్టి లేపుతుంది. దారి వేరు, చేరే చోటు అదే. చుట్ట పీల్చిన కొద్ది క్షణాల్లోనే అది మెదడుకు చేరుతుంది.

2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా పేర్లు వేరు గాని పట్టు ఒకటే. కొడుకు మాత్రలకు అలవాటుపడ్డాడని కొట్టే తండ్రి తాను చుట్ట మానలేకపోతున్నాడంటే, ఆ ఇద్దరి మెదడులో జరుగుతున్నది చాలావరకు ఒకే కథ. తండ్రి తన పోరాటాన్ని దాచకుండా ఒప్పుకొని, "రా నాయనా, ఇద్దరం కలిసి మానదాం" అంటే ఆ మాటకు దెబ్బల కంటే ఎక్కువ బలం ఉంటుంది.

తిరిగి రాగలడా?

రాగలడు. ఇది ఉత్త ఓదార్పు మాట కాదు. మెథాంఫెటమిన్ మానివేసినవారి మెదళ్ళను పరిశీలించిన వోల్కోవ్ బృందం 2001లో ఒక సంగతి తెలియజేసింది. ఒక సంవత్సరానికి పైగా పూర్తిగా దూరంగా ఉన్నవారిలో, తగ్గిపోయిన డోపమైన్ రవాణా ప్రోటీన్లు చాలావరకు మళ్ళీ పెరిగాయి. జ్ఞాపకశక్తి, చేతుల నేర్పు మాత్రం అంత త్వరగా పూర్తిగా రాలేదు. కాబట్టి ఆశ ఉంది, ఓపిక కూడా కావాలి. వారం రోజుల్లో మారలేదని నిరాశపడడం, ఫిబ్రవరిలో నాటిన మామిడి టెంకను ఏప్రిల్‌లో పండ్లు అడిగినట్టు ఉంటుంది.

కుటుంబాలు గుర్తుంచుకోవలసిన కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

1. మందు దిగిపోయిన మొదటి దినాల్లో బిడ్డ విపరీతంగా నిద్రపోతాడు, ఆకలి అంటాడు, లోకమంతా చీకటి అయినట్టు ఉంటాడు. అది సోమరితనం కాదు, ఖాళీ అయిన చెరువు. తిండి పెట్టండి, పడుకోనివ్వండి. చచ్చిపోవాలని ఉందని అంటే ఒంటరిగా విడువకండి, వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

2. మత్తులో ఉన్నప్పుడు నిలదీయకండి. గుండెల్లో నొప్పి, ఒళ్ళు కాలిపోయే జ్వరం, మూర్ఛ, అదుపులేని ఆవేశం ఉంటే 108కి ఫోను చేయండి.

3. ఆ దీపాలను ఆర్పండి. పాత స్నేహితుల ఫోను నంబర్లు, పాత గది, చేతిలో లెక్కలేని డబ్బు దూరం చేయండి. వీలైతే కొంతకాలం ఊరు మార్చండి.

4. ఈ జాతి మందుల అలవాటును మాన్పడానికి నమ్మకమైన మాత్ర ఇంకా రాలేదు. ఎక్కువ మేలు చేస్తున్నది సలహాదారుతో క్రమంగా మాట్లాడడం, మందు వాడలేదని పరీక్షలో తేలిన ప్రతిసారీ చిన్న బహుమానం ఇవ్వడం. ఇంట్లో కూడా అలాగే చేయవచ్చు. తప్పిన రోజున అరిచే మనం, నిలబడిన రోజున మెచ్చుకోవడం మరచిపోతాము.

5. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టకండి. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. కొద్దిపాటి మందుతో పట్టుబడి కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వం గుర్తించిన చోట తనంతట తాను వైద్యానికి వచ్చి దానిని పూర్తిచేస్తే, ఆ నేర విచారణ నుండి అది రక్షణ ఇస్తుంది. కేసు ఉన్నవారు న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

6. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించండి. విశాఖపట్నంలోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446. మానసిక సలహాకు 14416.

ఆ తల్లికి మా జవాబు

బుద్ధి లేకనా, రోగమా అని ఆ తల్లి అడిగింది. అమ్మా, మొదటి మాత్ర వేసుకున్నప్పుడు నీ కొడుకు చేతిలో ఎంపిక ఉంది. అక్కడ తప్పు చేశాడు. కాని ఆ మాత్ర ఎంపిక చేసుకునే అవయవం మీదనే దెబ్బ కొట్టింది. ఇప్పుడు వాడు కుంటికాలితో గట్టెక్కవలసినవాడు. నడవవలసినది వాడే, వాడికి బదులు మనం నడవలేము. అయితే కుంటుతున్నవాణ్ణి కర్రతో కొడితే గట్టెక్కడు, చెయ్యి అందిస్తే ఎక్కుతాడు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. ఆ తల్లి అందరూ వెళ్ళిపోయేదాకా ఎందుకు ఆగింది? మధుమేహం అయితే, కామెర్లు అయితే ప్రార్థన మనవులలో అందరి ఎదుట చెప్పేది. ఇది చెబితే తన కొడుకును, తనను ఏమంటారో అని ఆగింది. మన మధ్య ఇంకా ఎందరు తల్లులు చాపలు మడుస్తూ ఆగుతున్నారో! వారు ఆగనవసరం లేని సంఘాలుగా మనం ఉండాలి.

ఆమెను మేము మళ్ళీ కలిశాము. ఇక్కడ రాసినదంతా కూర్చోబెట్టి చెప్పాము. చెరువు, మోటారు అన్నప్పుడు పక్కనే ఉన్న వాళ్ళ ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "అయితే వాడు కావాలని మమ్మల్ని ఏడిపించడం లేదన్నమాట" అన్నాడు. ఆ సోమవారం ముగ్గురూ కలిసి జిల్లా ఆసుపత్రికి బస్సు ఎక్కారు. ముందు దారి చాలా ఉంది. అయినా ఆ తండ్రి కొడుకు పక్క సీటులో కూర్చొని వెళ్ళాడు.